కంప్యూటర్లు కలవకపోతేనే మంచిది!

ఒకే గోడకి అటూ ఇటూ ఉన్న రెండు కంప్యూటర్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టకపోవడం కన్నా గొప్ప వరం ఈ లోకంలో లేదు! నవ్వకండి. పూర్తిగా విన్నాక మీరే ఒప్పుకుంటారు.

అక్కాచెల్లెళ్ళిద్దరు నడుపుకునే చిన్న ప్రింటింగ్ షాపు. ముందు గదిలో అక్క డిజైన్ చేస్తుంది. వెనక గదిలో చెల్లెలు ప్రింట్ తీస్తుంది. ఫ్యాన్ ఎంత స్పీడులో తిరగాలన్న మహా సమస్య మీద ఇద్దరికీ మాటలు పోయాయి. అంతమాత్రాన వ్యాపారం ఆగుతుందా? షేర్డ్ ఫోల్డర్ ఉందిగా! తిట్లన్నీ ఫైల్ పేర్లలోనే. ‘పోస్టర్ ఫైనల్ కళ్ళు తెరిచి చూడు’ అని ఇటు నుంచి వెళ్తే, ‘చూశాను స్పెల్లింగ్ తప్పు ఎప్పట్లాగే’ అని అటు నుంచి వచ్చేది. ఎంత నాగరికత! ఎంత ప్రశాంతత!

మధ్యలో నలిగేది అక్క మొగుడు. చెల్లెలికి బావ. కౌంటర్ దగ్గర కూర్చుంటాడు. కంప్యూటర్ల గురించి తనకి తెలుసని ఒకప్పుడు నోరుజారాడు, పాపం.

ఓ పొద్దున ఫోల్డర్ మాయమైంది. అక్క కంప్యూటర్ చెల్లెలి కంప్యూటర్‌కి కనబడటం మానేసింది. సాయంత్రం నాటకానికి పోస్టర్లు కావాలంటూ దర్శకుడు, రాజు వేషం మీసం ఒకవైపు అంటించుకుని మరీ వచ్చి కూర్చున్నాడు.

పెన్‌డ్రైవ్‌లో ఇవ్వొచ్చుగా అంటారా? పట్టుకెళ్ళి ఇచ్చినవాళ్ళు తగ్గినట్టు కాదూ! బావ చేత పంపొచ్చు గానీ, కిందటిసారి ఆయన పళ్ళ డాక్టరు ఫైలుకి బదులు పళ్ళ కొట్టు ఫైలు మోసుకెళ్ళాడు. డాక్టరు గుమ్మం మీద ‘తాజా పళ్ళు, కిలోల లెక్కన’ అని బోర్డు వేలాడింది. అప్పట్నుంచి ఆయన్ని పెన్‌డ్రైవ్ ముట్టుకోనివ్వట్లేదు.

బావ రంగంలోకి దిగాడు. రెండూ రీస్టార్ట్ చేశాడు. కేబుల్ పీకి, ఊది, మళ్ళీ పెట్టాడు. ఫైర్‌వాల్ ఆపాడు. రూటర్‌ని బతిమాలాడు. ‘మీ నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి’ అంది స్క్రీన్. రెండు కంప్యూటర్ల షాపులో ఆయనెవరు? బావ ఓసారి వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

చివరికి, కొత్తగా వచ్చిన అప్‌డేట్ షేరింగ్ సెట్టింగ్ మార్చేసిందని తేలింది. సరిచేశాడు. వెనక గదిలో అక్క కంప్యూటర్ కనబడింది! కానీ దాని పాస్‌వర్డ్ అడిగింది.

“పాస్‌వర్డ్ చెప్పవోయ్” అన్నాడు బావ, రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడి.

అక్క మొహం ఎర్రబడింది. “చెప్పను.”

“పోనీ, లోపలికెళ్ళి నువ్వే కొట్టు.”

“ఆ గదిలోకా? చచ్చినా వెళ్ళను!”

“అమ్మా, నా మీసం ఊడిపోతోంది!” అన్నాడు దర్శకుడు.

ఇక తప్పక, అక్క గోడకేసి చూస్తూ ఒక్కో అక్షరమే చెప్పింది. “సి... హెచ్... ఇ... ఎల్... ఎల్... ఐ...” అవతల చెల్లెలు కొడుతోంది. “డి... ఇ... టి... ఎ... పి... పి... యు.”

కీబోర్డు చప్పుడు ఆగింది.

“చెల్లిదే తప్పా?!”

బావ కళ్ళు మూసుకున్నాడు. ఇవాళ్టితో షాపు మూతే అనుకున్నాడు. తెరిచి చూస్తే చెల్లెలు ఆయన్ని పక్కకి నెట్టుకుంటూ ముందు గదిలోకొచ్చేసింది, నవ్వు ఆపుకోలేక.

“నాదేంటో తెలుసా అక్కా? ‘అక్కదే తప్పు’! చివర ఒకటి, రెండు, మూడు కూడా పెట్టాను, గట్టిగా ఉండాలని.”

అక్క ఫక్కున నవ్వింది. పోస్టర్లు ప్రింటయ్యాయి, దర్శకుడు మీసం పట్టుకుని పరిగెత్తాడు. అక్కాచెల్లెళ్ళు మాత్రం ఒకే బల్ల మీద కూర్చుని, ఇన్నాళ్ళ కబుర్లు ఒక్కసారే మొదలెట్టారు.

ఇక్కడే నాకో అనుమానం. నెట్‌వర్క్ భేషుగ్గా పనిచేసినన్నాళ్ళూ ఆ షాపులో అసలు పాడైందేమిటో ఎవరైనా చూశారా?

బావ చూశాడు. ఇద్దరూ అటు తిరిగి ఉండగా బల్ల కిందకి వంగి, కేబుల్ మెల్లగా ఊడలాగాడు.

“ఏవండీ, ఇంక రోజూ పనిచేస్తుందిగా?” అంది అక్క.

“ఎక్కడ! మళ్ళీ పోయింది” అన్నాడు దిగులుగా. “ఈసారి చాలా రోజులే పట్టేలా ఉంది. అందాకా మీరిద్దరే అటూ ఇటూ తిరగాలి.”