రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య

ఇకమీదట ఆరోగ్య శాఖలో పనిచేసేవాళ్ళెవరూ దిగులుగా ఉండటానికి వీల్లేదని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. ప్రకటించి ఊరుకోలేదు, బల్ల కూడా గుద్దారు. సిబ్బంది మనశ్శాంతి విషయంలో ప్రభుత్వం ఎంత కఠినంగానైనా వ్యవహరిస్తుందనీ, ఎక్కడ దిగులు కనబడినా సంబంధిత అధికారి మీద చర్య తప్పదనీ హెచ్చరించారు. ఇంత దయగల హెచ్చరిక ఈ మధ్యకాలంలో ఏ మంత్రీ చేయలేదు. పథకానికి 'ప్రశాంత సేవ' అని పేరు పెట్టారు. పేరు కోసం వేసిన కమిటీలో ఇద్దరికి నిద్రమాత్రలు రాయాల్సి వచ్చిందని చెప్పుకుంటారు గానీ, ఆ గొడవ మనకెందుకు లెండి.

మంత్రిగారి కార్యాలయానికి సరిగ్గా రోడ్డవతల ఉన్న పెద్దాసుపత్రిని మోడల్ ఆసుపత్రిగా ఎంపిక చేశారు. కిటికీలోంచి కనబడుతుంది కాబట్టి పర్యవేక్షణ సులువని ఫైల్లో రాశారు. ఈ శుభవార్త అందేసరికి రెండో అంతస్తు వార్డు హెడ్ నర్సు రెండు చేతుల్లో రెండు సెలైన్ సీసాలున్నాయి. ఆమెను ఆసుపత్రిలో అందరూ పెద్దక్క అంటారు. ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళూ అలాగే అంటారు. కంగారులో ఉంటే సూపరింటెండెంటు గారు కూడా అలాగే పిలుస్తారు.

వార్త మోసుకొచ్చింది ఆమె కింద పనిచేసే జూనియర్ నర్సు. మనశ్శాంతి కోసం రోజూ గంటసేపు ఆనంద తరగతి పెడతారట, రానివాళ్ళకు మెమో ఇస్తారట.

"గంట అంటే ఎప్పుడు?" అంది పెద్దక్క.

"డ్యూటీ దిగాక."

పెద్దక్క సీసాలు తగిలించి, ఇక తన బస్సు తనకు దక్కదని తేల్చుకుంది.

ఆనంద తరగతి మాత్రం బహు గొప్పగా నడిచింది. కళ్ళు మూసుకుని, మనిషన్నవాడు లేని సముద్రపు ఒడ్డున నిలబడినట్టు ఊహించుకోమనేవారు. పెద్దక్క బుద్ధిగా వెళ్ళి ఒడ్డున నిలబడేది. అక్కడా ఎవరో ఒకరు వచ్చి "సిస్టర్, బెడ్ పాన్" అనేవారు. మిగతావాళ్ళు కళ్ళు మూయడమే ఆలస్యం, గురక పెట్టేవారు. తరగతిలో నిద్రపోవడం ప్రశాంతతకు విరుద్ధమని సర్క్యులర్ వచ్చింది. నిద్రపోయేవాళ్ళను తట్టి లేపడానికి వార్డులోంచి ఒక నర్సును తీసి, కొత్తగా తెరిచిన ప్రశాంత సెల్‌లో వేశారు. ఆ నర్సు పని మిగతా నర్సులకు పంచారు. దాంతో వాళ్ళు ఇంకా గాఢంగా నిద్రపోయారు కనుక ఇంకో నర్సును తీశారు. పథకం ఈ విధంగా ఊపందుకుంది.

అసలా ఆసుపత్రిలో అంతకుముందు మనశ్శాంతి లేదని ఎవరైనా అంటే అది పచ్చి అబద్ధం. ఉండేది. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఉండేది.

భవనం వెనకవైపు పాత లిఫ్టు ఒకటుంది. రోగులకు ముందువైపు మంచి లిఫ్టులున్నాయి కాబట్టి దీని జోలికి సిబ్బంది తప్ప ఎవరూ వచ్చేవారు కాదు. అది రెండో అంతస్తు దాటగానే టక్కున ఆగిపోయేది. ఎన్ని బటన్లు నొక్కినా పైకి పోదు, కిందికి రాదు. పావుగంట పోయాక దానికే బుద్ధి పుట్టి దిగొచ్చేది. లోపల ఫోనుకు సిగ్నల్ అందదు. ఎవరో పిలిస్తే వినబడదు, వినబడినా చేయగలిగింది లేదు. ఆ లిఫ్టు నడిపే ముసలాయన్ని అందరూ బాబాయి అనేవారు. ఆయన లోపల ఒక గుండ్రటి స్టూలు వేసి, బయట 'మరమ్మతులో ఉంది' అన్న బోర్డు తగిలించి, తలుపు దగ్గర కాపలా కూర్చునేవాడు.

ఎవరికైనా ఏడుపు ముంచుకొచ్చినా, ఎవరినైనా కొట్టాలనిపించినా, "నేనొకసారి పైకెళ్ళొస్తా" అనేవారు. ఎక్కడికని ఎవరూ అడిగేవారు కాదు. తలుపు దగ్గర చిన్న క్యూ ఉండేది, దానికో మర్యాద ఉండేది. తన చేతుల్లో రోగి పోయిన మనిషికి ముందు చోటు. తర్వాత రోగి బంధువుల చేత తిట్లు తిన్నవాళ్ళు. ఆ తర్వాత ఇంటినుంచి ఫోనొచ్చినవాళ్ళు. అందులో డాక్టరూ, ఊడ్చే మనిషీ అన్న తేడా లేదు. ఒకసారి సూపరింటెండెంటు గారే ముక్కు ఎగబీల్చుకుంటూ వచ్చి నిలబడితే, అందరూ గోడమీది క్యాలెండరు చదువుతూ ఆయనకు దారిచ్చారు.

పెద్దక్కది మామూలుగా మూడో రకం. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో చెప్పమని అత్తగారు ఫోన్ చేసేది. అమ్మ ఎందుకు చిరాగ్గా ఉందో చెప్పమని వెనకాలే వాళ్ళాయన చేసేవాడు. పెద్దక్క లిఫ్టెక్కి, స్టూలు మీద కూలబడి, వాచిన కాళ్ళు ఎదుటి గోడకు ఆనించి, ఏమీ ఆలోచించకుండా కూర్చునేది. ఆ పావుగంట ఆమె ఎవరికీ సిస్టరు కాదు, కోడలు కాదు, పెద్దక్క కూడా కాదు. అది గనక లేకపోతే తను ఏదో ఒక రోజు ఎవరో ఒకరిని సెలైన్ స్టాండుతో కొట్టడం ఖాయమని ఆమెకు బాగా తెలుసు.

ఇలా ఉండగా పథకం ఫలితాలు కొలవడానికి ఆనంద సలహాదారు గారు వచ్చారు. నవ్వు ముఖం, పెద్ద చదువు. ఒక్కొక్కరినే పిలిచి, మనశ్శాంతి అనగానే మీకేది గుర్తొస్తుందని అడిగారు. పెద్దవాళ్ళు తెలివిగా సముద్రపు ఒడ్డు అని చెప్పి బయటపడ్డారు. జూనియర్ నర్సు దగ్గరికి వచ్చేసరికి, పాపం, ఆ పిల్ల నోరు జారింది. "లిఫ్టు సార్," అంది. అంటూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ తర్వాత వచ్చినవాళ్ళకూ మనసు ఆగలేదు. సలహాదారు గారు రెట్టించి అడిగితే ఇరుక్కుపోవడం గురించీ, చీకటి గురించీ, ఎవరికీ మన గొంతు వినబడకపోవడం గురించీ గద్గద స్వరంతో చెప్పుకున్నారు.

సలహాదారు గారు చలించిపోయారు. మనశ్శాంతి మాటెత్తగానే ఇంతమంది లిఫ్టును తలుచుకుని ఏడుస్తున్నారంటే, సిబ్బంది కుంగుబాటుకు మూలకారణం ఆ లిఫ్టేనని స్లైడు వేసి చూపించారు. ఇంత లోతైన విశ్లేషణ చూసి అధికారులు ముక్కున వేలేసుకున్నారు. లిఫ్టును వెంటనే బాగుచేయించాలనీ, సిబ్బందికి ధైర్యం కలగడానికి మంత్రిగారే స్వయంగా అందులో ఎక్కాలనీ నిర్ణయమైంది.

పెద్దక్క గుండెల్లో రాయి పడింది. సరాసరి సూపరింటెండెంటు గారి గదికి వెళ్ళింది.

"సార్, ఆ లిఫ్టు బాగుచేయించొద్దు."

ఆయన లేచి తలుపు దగ్గరికేసి వచ్చారు. "నాకు మాత్రం తెలీదా పెద్దక్కా? కానీ చెడిపోయినదాన్ని చెడిపోయినట్టే ఉంచమని ఏ రూలు కింద రాయను?"

"ప్రశాంత సేవ కింద రాయండి."

మంత్రిగారి పేరుతో శిలాఫలకం చెక్కడం కూడా అయిపోయిందని ఆయన చెప్పారు. పెద్దక్కకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అలవాటుగా లిఫ్టు దగ్గరికి వెళ్తే అందులో మెకానిక్కు ఉన్నాడు.

ప్రారంభోత్సవం నాటికి లిఫ్టుకు బంగారు రంగు పడింది. లోపల నిలువుటద్దం, కార్పెట్, పూలకుండీ, వేణువు వినిపించే స్పీకరు అమరాయి. మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. పక్కన నవ్వు ముఖంతో సిబ్బంది ప్రతినిధి ఉండాలనేసరికి అందరూ పెద్దక్కను ముందుకు తోశారు. అంగరక్షకుడు ఎక్కబోతే, ఫొటోకు అడ్డమని మంత్రిగారే దింపేశారు. తలుపు మూసుకుంది. లిఫ్టు సాఫీగా లేచింది. అంతా అయిపోయిందనుకుని పెద్దక్క కళ్ళు మూసుకుంది. రెండో అంతస్తు దాటగానే లిఫ్టు టక్కున ఆగిపోయింది.

పెద్దక్కకు ప్రాణం లేచొచ్చింది. మోటారు మాట ఎస్టిమేట్‌లోనే లేదని తర్వాత తెలిసింది.

మంత్రిగారు బటన్లన్నీ నొక్కారు. తలుపు బాదారు. ఫోను చెవికి పెట్టుకుని, తీసి, ఎత్తి పట్టుకుని చూశారు. పెద్దక్క పూలకుండీ వెనక బాబాయి దాచిన స్టూలు లాగి ఆయనకు వేసింది. పావుగంటలో దానంతటదే దిగుతుందనీ, కంగారు పడొద్దనీ చెప్పింది.

"నేనిక్కడున్నట్టు బయటివాళ్ళకు తెలుసామ్మా?"

"తెలుసు సార్. తెలిసినా ఎవరూ ఏమీ చేయలేరు."

మంత్రిగారు ఆ మాట మనసులో రెండుసార్లు అనుకున్నట్టున్నారు. నెమ్మదిగా కూర్చున్నారు. బూట్లు విప్పారు. తను మంత్రి అయిన రోజునుంచీ ఎవరో ఒకరు ఏదో ఒకటి అడగకుండా ఇంతసేపు గడవలేదనీ, స్నానాల గది బయట కూడా అర్జీలు పట్టుకుని నిలబడతారనీ చెప్పుకొచ్చారు. చెబుతూ చెబుతూ ఏడ్చేశారు. పెద్దక్క జేబులోంచి దూది తీసిచ్చింది. ఆయన కళ్ళు తుడుచుకుని, కాళ్ళు ఎదుటి గోడకు ఆనించి, అద్దానికి తల వాల్చి నిద్రపోయారు. తన స్టూలు పోయినందుకు పెద్దక్క బాధపడలేదు. ఇన్నాళ్ళకు ఒక పెద్దమనిషికి విషయం అర్థమైందని పొంగిపోయింది.

లిఫ్టు దిగి బాబాయి తలుపు తీయబోతే, మంత్రిగారు కళ్ళు తెరవకుండానే, "ఇంకొక్కసారి పైకి పోనీ," అన్నారు.

రెండోసారి దిగాక ఆయన పెద్దక్క చేతులు పట్టుకున్నారు. "ఈ లిఫ్టును ఎవరూ ముట్టుకోకుండా నేను చూసుకుంటానమ్మా. నాదీ పూచీ." ఆ రోజు వార్డులో పెద్దక్క అందరికీ టీ తెప్పించింది.

మంత్రిగారు మాట తప్పే మనిషి కాదు. వారం తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. సిబ్బంది మనశ్శాంతికి ఆధారమైన ఇంతటి ఆస్తిని, నలుగురూ వచ్చిపోయే ఆసుపత్రిలో వదిలేయడం క్షేమం కాదు కనుక, దాన్ని మంత్రిగారి కార్యాలయ భవనానికి తరలించి కాపాడాలన్నది సారాంశం. లిఫ్టుతోపాటు స్టూలు వెళ్ళింది. బాబాయి డెప్యుటేషన్ మీద వెళ్ళాడు. తరలింపులో పొరపాటున ఎక్కడైనా బాగుపడిపోతుందేమోనని ఇంజనీర్లు దగ్గరుండి జాగ్రత్త పడ్డారు. ఆసుపత్రిలో లిఫ్టు ఉన్నచోట గోడ కట్టి, చెక్కిన ఫలకం వృథా పోకుండా దానిమీద బిగించారు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, వార్డులో ఒక రోగి పోయాడు. బంధువులు పెద్దక్కనే నిలదీశారు. అదే సమయానికి అత్తగారికి కళ్ళజోడు కనబడలేదు. అప్పుడు ఆనంద సలహాదారు గారు వచ్చి, పెద్దక్క ముఖంలో ఎందుకు నవ్వు లేదని అడిగారు. పెద్దక్క చేయి దానంతటదే వెళ్ళి సెలైన్ స్టాండు పట్టుకుంది. పైకెత్తింది కూడా. సలహాదారు గారు అది స్ట్రెచింగ్ వ్యాయామం అనుకుని శభాష్ అన్నారు.

ఆమె స్టాండు కింద పెట్టింది. ఒక తెల్ల కాగితం మీద లిఫ్టు వెనక్కిమ్మని అర్జీ రాసి, మంత్రిగారి దగ్గరికి వెళ్ళొస్తానని జూనియర్ నర్సుకు చెప్పి, రోడ్డు దాటింది.

గేటు దగ్గర భద్రత కోసం ఫోన్లు తీసుకుంటారు. ఆమెదీ తీసుకున్నారు. సందర్శకుల హాలు చల్లగా, మెత్తటి సోఫాలతో, చీమ చిటుక్కుమన్నా వినబడేట్టుంది. ఓ మూల మన లిఫ్టు తలుపు, దాని పక్కన బాబాయి, పైన పాత బోర్డు. సెక్రటరీ అర్జీ చూసి తల అడ్డంగా ఊపాడు.

"మంత్రిగారు లిఫ్టులో ఇరుక్కున్నారమ్మా."

"ఎప్పుడొస్తారు?"

"చెప్పలేం. పొద్దున్నుంచీ ఇదే వరస. రేపు రండి."

పెద్దక్క కూర్చుంటానంది. సోఫాలో కూలబడి, వాచిన కాళ్ళు ఎదురుగా ఉన్న చిన్న బల్లకు ఆనించింది. ఎవరూ సిస్టర్ అనలేదు. ఎంతసేపు గడిచిందో ఆమెకు తెలియదు.

తలుపు చప్పుడుకి మెలకువ వచ్చింది. జూనియర్ నర్సు గుమ్మంలో నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో అర్జీకని తెచ్చిన కాగితం ఉంది గానీ దానిమీద ఇంకా ఏమీ రాయలేదు. పెద్దక్క ఏమైందని అడగలేదు. లేచి, సోఫా చూపించి, పిల్లను కూర్చోబెట్టింది. వెళ్తూ వెళ్తూ సెక్రటరీ బల్ల దగ్గర ఆగింది.

"మంత్రిగారిని తొందరపెట్టకండి," అంది.