పుంజు ఒకరికి, మేడ ఒకరికి

ఎల్ ఆల్తో పట్నంలో జనవరి ఇరవై నాలుగు ఉదయం ఎవరి ఆలోచనైనా ఒక్కటే. బొమ్మల సంతకు వెళ్లాలి, కావలసినదాని బొమ్మ కొనాలి, మిట్టమధ్యాహ్నం దానికి పొగ పట్టించాలి. ఏడాది తిరిగేలోగా అసలుది దక్కుతుంది. మినీబస్సు నడిపే ఫెర్మిన్ మట్టి కోడిపుంజు కొన్నాడు. ఆ సంతలో పుంజంటే మొగుడు; పెళ్లికాని పిల్ల చేతిలో పెడితే నన్ను చేసుకుంటావా అని ఇక నోటితో అడగాల్సిన పని లేదు. ఆ పిల్ల నీవెస్. తల్లి బాసిలియా బస్సులు ఆగే చోట మొక్కజొన్న జావ అమ్ముతుంది. సొంత ఇల్లు లేనివాడికి పిల్లనివ్వనని ఆమె ఊరంతా చెప్పి ఉంది.

బస్సు యజమానురాలు గ్రెగోరియా భర్త పోయిన మనిషి. తనకో మూడంతస్తుల మేడ బొమ్మ తెమ్మని ఫెర్మిన్‌కే చెప్పింది. రెండూ ఒకే రకం కాగితం పొట్లాలు. పొగ దగ్గర తోపులాట. పుంజు గ్రెగోరియాకు చేరింది, మేడ నీవెస్‌కు చేరింది.

పొట్లం విప్పింది బాసిలియా. "కట్టడం ఎప్పుడు మొదలెడుతున్నావు బాబూ?" అంది. ఫెర్మిన్‌కు మాట రాలేదు. డబ్బున్నవాళ్లు తక్కువ మాట్లాడతారని బాసిలియాకు తెలుసు. నిన్నటిదాకా సగం గ్లాసు పోసిన చెయ్యి నిండా పోసి, పక్కన చీజ్ పూరీ కూడా పెట్టింది. సాయంత్రానికి పునాదులు పడ్డాయని బంగాళదుంపలామె చెప్పింది. మర్నాడు చెప్పులు కుట్టే ఆయన కింది అంతస్తులో కొట్టు అద్దెకడిగాడు. కార్నివాల్ పండక్కి పెళ్లని బాసిలియా అందరినీ పిలిచేసింది. నీవెస్ మాత్రం ముభావంగా ఉంది.

అటు గ్రెగోరియా కొత్త టోపీ పెట్టుకుని, రోజూ బస్సులో ముందు సీట్లో కూర్చోసాగింది. పొరపాటు జరిగిందని, పుంజు తిరిగి ఇప్పించమని ఫెర్మిన్ అడిగాడు.

"సిగ్గుపడకయ్యా. వయసు తేడా నేను సర్దుకుంటాను," అందామె.

ఇక లాభం లేదని అతను తల్లీకూతుళ్లకు నిజం చెప్పాడు. మేడ ఓనరమ్మది, తనకున్నది అద్దె గది. బాసిలియా పూరీ పళ్లెం వెనక్కి లాక్కుంది.

"వంటిల్లు వేరేగా ఉందా?" నీవెస్ అడిగింది.

"లేదు. మంచం పక్కనే పొయ్యి."

"బతికించావు. మూడంతస్తులూ ఊడ్చేది నేనేనని అమ్మ చెప్పినప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. నాకు నువ్వు చాలు."

పెళ్లి మానేద్దామంటే పిలిచినవాళ్లకు కారణం చెప్పాలి. బాసిలియా పళ్లు బిగించి పెళ్లి చేసింది. మేడ ఇమ్మని గ్రెగోరియా వస్తే, పొగ పట్టిన మేడను ఇచ్చే ప్రసక్తే లేదంది బాసిలియా. అయితే పుంజు కూడా ఇవ్వనని గ్రెగోరియా వెళ్లిపోయింది.

ఆ ఏడాదే గ్రెగోరియాకు మొగుడు దొరికాడు. బాసిలియాకు అల్లుడు మాత్రమే దొరికాడు.