లాటిన్‌లో స్వేచ్ఛ, గేటు దగ్గర ఓటీపీ

స్వేచ్ఛని తెలుగులో అనుభవించడం ఉత్త మోటుతనం! నా మాట నమ్మండి, అది లాటిన్‌లో అయితేనే ఒంటికి పడుతుంది.

కూర్మన్నపాలెం జంక్షన్‌కి కాస్త అవతల మా అపార్ట్‌మెంట్లు. ‘ఏ’ బ్లాకు పేరు లిబర్టాస్, అంటే స్వేచ్ఛ. బీ బ్లాకు లికెంటియా, అంటే మనసుకి నచ్చింది చేసుకునే చనువు. నేనుండేది సీ బ్లాకు, సుయి యూరిస్‌లో. ఎవరి పెత్తనమూ లేనివాడని అర్థం! ముప్పై ఏళ్లు స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు చేసి, క్వార్టర్స్‌లో కాపురమున్న నాకు ఇంకేం కావాలి?

లికెంటియా పోలిరాజుగారు బాల్కనీలో లుంగీ ఆరేశారు. పది నిమిషాల్లో దాని ఫొటో వాట్సాప్ గ్రూపుకెక్కింది. క్వార్టర్స్‌లో మా పక్కింట్లో ఉన్నన్నాళ్లూ ఆయన లుంగీని ఒక్కరైనా పట్టించుకున్నారా? లిబర్టాస్‌లో మిక్సీకి టైమింగ్స్ ఉన్నాయి. చేపల పులుసుకి మూడు రోజుల ముందే అర్జీ పెట్టాలి, ఏ చేపో కూడా రాయాలి. మన బదులు కమిటీయే ఆలోచిస్తుంటే ఇంక మనకి బుర్రతో పనేముంది? ఎంత హాయి!

ఈ రూల్స్‌కి అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనేనని సగర్వంగా మనవి చేస్తున్నాను.

మొన్న ఎలమంచిలి నుంచి మా అక్క గంగాలమ్మ వచ్చింది. నా కొత్త ఇల్లు చూడాలని ఏడాదిగా ముచ్చట పడుతోంది. సంచిలో నాకోసం ఎండు నెత్తళ్ల చేపలు. గేటు దగ్గర ఆపి ఓటీపీ అడిగారు. అక్కకి ఫోనే లేదు. గేటు నుంచి ఇంటర్‌కమ్‌లో కబురొస్తే నేను పరుగున కిందికి దిగాను.

సెక్యూరిటీ సూపర్‌వైజర్ చాలా మర్యాదస్తుడు. వాసనొచ్చే సరుకుకి ప్రెసిడెంటుగారి పర్మిషన్ కావాలన్నాడు. ఆయన కునుకు తీస్తున్నారు. పర్మిషన్ వచ్చేదాకా గేటు తియ్యడానికి వీల్లేదట, అటువైపు నుంచీ ఇటువైపు నుంచీ కూడా! నేను చెయ్యెత్తిన రూలే కదా, అదే చెయ్యెత్తి అతనికి సలాం కొట్టాను.

గంటన్నర సేపు ఊచలకి చెరోవైపు నిలబడి కబుర్లు చెప్పుకున్నాం. వంటింట్లో గాలి ఆడుతుందా, తులసికోటకి చోటుందా అని అక్క అడుగుతోంది, నేను చేతులతో గాల్లో గోడలు గీసి చూపిస్తున్నాను. ప్రెసిడెంటుగారు లేవలేదు. అక్క ఎక్కాల్సిన బండికి టైమైపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అక్క సంచిని ఊచల సందులోంచి అందించబోయి, పైన కెమెరా చూసి వెనక్కి తీసుకుంది. నా చెయ్యి పట్టుకుని, ఎవరికీ వినపడకుండా అడిగింది.

“ఒరే తమ్ముడూ, ఏటి సేసావురా నువ్వు? నిన్నెప్పుడొదుల్తామన్నారు?”