పన్నెండు పోతేగాని పదమూడు రాదు

అలెగ్జాండ్రియాలో, మామగారి మేడ కింది గదిలో హాజిమ్‌కి ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉంది. ఆఫీసంటే అతనూ, ఒక కంప్యూటరూ. ఆ పొద్దుట అతను వేసుకున్న పథకం చిన్నదే. ప్రోగ్రాములు తయారుచేసే సాధనం అతని దగ్గర పన్నెండో వెర్షన్ ఉంది. దాన్ని తీసేసి కొత్తగా వచ్చిన పదమూడోది ఎక్కించాలి, పుదీనా టీ ఒకటి తాగాలి, పదకొండింటికి రొట్టెల దుకాణాల షలబీకి తన ప్రోగ్రాము చూపించి ఒప్పందం మీద సంతకం పెట్టించుకోవాలి. సంతకం పడకపోతే మామగారి టైర్ల కొట్లో కూర్చోవలసిందే. మామగారు రెండేళ్ల కిందటే అక్కడ అల్లుడి కోసం ఒక కుర్చీ వేయించి ఉంచారు.

తొమ్మిదింటికి మొదలుపెట్టాడు. పన్నెండు కదలలేదు. ఫోను సిగ్నల్ మెట్ల దగ్గరే అందుతుంది కాబట్టి హాజిమ్ అక్కడికి వచ్చి స్నేహితుడు రమ్జీతో మాట్లాడాడు.

"పన్నెండు పోతేగాని పదమూడు రాదట. ఇదేమో వెళ్లనని మొండికేసింది. ఇంకా వాడుకలోనే ఉన్నానంటోంది. మర్యాదగానే చెప్పి చూశానురా. బలవంతంగా తీసేయమంటావా? సరే, రిజిస్ట్రీలో పేరు కూడా లేకుండా చెరిపేస్తా. మళ్లీ వచ్చి పేచీ పెట్టకూడదు."

మెట్లు తుడుస్తున్న కాపలాదారు ఇద్రీస్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. పన్నెండో నంబరు వాటాలో ఇన్షిరా టీచరు నలభై ఏళ్లుగా పాత అద్దెకే ఉంటోంది. ఆమెను ఖాళీ చేయించాలని మేడ యజమాని చూస్తున్న సంగతి ఆ వీధి పిల్లులకు కూడా తెలుసు. పని అల్లుడికి అప్పగించాడన్నమాట. ఇంత బరువు ఒక్కడే మోయలేక ఇద్రీస్ పైకి వెళ్లి, మొదట ఎదురైన మనిషికి చెప్పేశాడు. ఆ మనిషి పదమూడో వాటా షౌకీ. పక్కవాటా ఎప్పుడు ఖాళీ అవుతుందా, గోడ కొట్టి ఎప్పుడు కలుపుకుందామా అని పదేళ్లుగా ఎదురుచూస్తున్నాడు.

పావుగంటలో షౌకీ బస్బూసా మిఠాయి పళ్లెంతో కిందికి దిగాడు.

"నాయనా హాజిమ్, పదమూడు వస్తోందటగా?"

"వస్తోందండీ. మీ దాకా వచ్చిందా కబురు?"

"ఎప్పటికల్లా అవుతుంది?"

"పన్నెండుని ఇప్పుడే పీకేశా. ఇంకో అరగంటలో పదమూడు సర్దుకుంటుంది."

షౌకీ పళ్లెం అతని ముందు పెట్టాడు. "మీ మామగారికి పదేళ్లుగా చేతకాలేదు నాయనా."

"మామగారికి ఇవన్నీ ఏం తెలుస్తాయండీ."

హాజిమ్ మిఠాయి తింటూ కూర్చున్నాడు. పదమూడు మాత్రం, ముందు కంప్యూటరు మొత్తాన్నీ కొత్తది చేస్తేగాని లోపల అడుగు పెట్టనంది. అలాగే కానిమ్మన్నాడు. నలభై శాతం అయింది, మధ్యలో ఆపవద్దు అని తెర మీద అక్షరాలు వచ్చాయి. అదే సమయానికి పైన షౌకీ టేపు పట్టుకుని పన్నెండో వాటా గుమ్మం కొలుస్తున్నాడు.

ఇన్షిరా టీచరు తలుపు తీసింది. "ఏం కొలుస్తున్నావయ్యా, నా సమాధికా?"

"ఇంకా ఇక్కడే ఉన్నారేంటి టీచర్ గారూ? మిమ్మల్ని పీకేశానని హాజిమ్ చెప్పాడే."

మిగతాది అక్కడే మెట్ల మీదున్న ఇద్రీస్ విన్నది విన్నట్టు అప్పజెప్పాడు.

"నన్ను 'ఇది' అన్నాడా?" అంది టీచరు. ఇల్లు పోవడం కన్నా అదే ఎక్కువగా తగిలినట్టుంది. "పేరు చెరిపేస్తున్నాడా? ఎందులో?"

"రిజిస్ట్రీ అన్నాడమ్మా. ఆ కంప్యూటర్లోనే ఉంటుంది కాబోలు."

"కంప్యూటరు దేంతో నడుస్తుంది?"

"కరెంటుతో."

ఆమె ముప్ఫై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పిన మనిషి. చేతికర్ర పట్టుకుని మూడంతస్తులు దిగి, మెట్ల కింద ఉన్న పెట్టె తెరిచి, మేడ మొత్తానికీ ఉన్న పెద్ద స్విచ్చి కిందికి లాగేసింది.

తెర నల్లబడింది. హాజిమ్ లబోదిబోమంటూ బయటికి వచ్చేసరికి గుమ్మంలో టీచరు, ఆమె వెనక టేపుతో షౌకీ, అప్పుడే వీధిలోంచి లోపలికి వచ్చిన షలబీ.

"పన్నెండంటే మీరు కాదు టీచర్ గారూ. పాత వెర్షన్ అండీ."

"నేను పాత వెర్షన్నా?"

ఆ ముక్క అర్థం చేయించడానికి పావుగంట పట్టింది. టీచరుకు సగమే నమ్మకం కుదిరింది. షలబీ మాత్రం ముఖం చిట్లించాడు. "పన్నెండు తీసేసి కొత్తది పెడుతున్నావా? మా కొట్లలో కంప్యూటర్లు మా నాన్న కాలం నాటివి, కొత్తవాటితో చేసిన ప్రోగ్రాములు వాటిలో నడవవు. పోయినసారి ఒకాయన ఇలాగే కొత్తది పెట్టి, రెండ్రోజులు ఒక్క రొట్టె అమ్మకుండా చేశాడు. పన్నెండు ఉంటేనే నాకు బేరం. లేకపోతే వెళ్లొస్తా."

హాజిమ్ పరుగున వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఇద్రీస్ స్విచ్చి పైకెత్తాడు. కంప్యూటరు చాలాసేపు ఆలోచించి, చేసిన మార్పులన్నీ వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి, పొద్దుటి స్థితికి వచ్చేసింది. పన్నెండు ఎక్కడిదక్కడే ఉంది. ప్రోగ్రాము తడుముకోకుండా నడిచింది.

సంతకం చేసేముందు షలబీ ఒప్పందంలో తన చేత్తో ఒక వాక్యం చేర్చాడు: 'పన్నెండును పదేళ్లపాటు ఎవరూ, ఎట్టి పరిస్థితుల్లోనూ తొలగించరాదు.' పైన మేడ చిరునామా, కింద, మామగారి తరఫున అద్దె రసీదుల మీద కూడా పడే హాజిమ్ సంతకం, ముద్ర, సాక్షిగా ఇద్రీస్ వేలిముద్ర. టీచరు తనకూ ఆ పేజీ నకలు ఒకటి కావాలంది. గొడవ వదిలితే చాలనుకుని హాజిమ్ ఇచ్చేశాడు.

నెల తిరక్కుండా మామగారు ఆమెకు ఖాళీ చేయమని నోటీసు పంపితే, జవాబుగా ఆమె ఆ నకలు పంపింది. మామగారి వకీలు దాన్ని రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, అద్దెకున్నవాళ్ల తరఫున ఇంత గట్టి పత్రం తాను కూడా రాయలేనన్నాడు.