లెక్కకు మించిన జ్ఞానులు

పొద్దున్నే కిరీటం దగ్గర పేచీ మొదలైంది.

"నాదే చిన్నదిగా ఉంది. ముగ్గురు జ్ఞానుల్లో పెద్దవాణ్ణి నేనా, కాదా?" అన్నాడు భర్త, అట్టకిరీటాన్ని నెత్తిమీద అటూ ఇటూ తిప్పుకుంటూ.

"అసలు ముగ్గురని ఎక్కడుందండీ? బంగారం, సాంబ్రాణి, బోళం... బాలయేసుకు వాళ్ళు తెచ్చిన కానుకలు మూడు. మనుషుల లెక్క సువార్తలో లేనే లేదు," అంది అతని భార్య, ఆ ఇంటి కోడలు, చేతికంటిన జిగురు కడుక్కుంటూ. ఆ సాయంత్రం చర్చిలో వేసే యేసు పుట్టుక నాటకం మొదటిసారి ఆమె చేతికొచ్చింది. ఏ కాస్త తేడా వచ్చినా, ఏళ్ళ తరబడి దాన్ని నడిపిన పాటల మాస్టారు మళ్ళీ లాగేసుకుంటాడు.

అత్తగారు ఆ మాట విని ఊరుకోలేదు. నాటకంలో గొర్రెల కాపరుల వేషాలకు దుప్పట్లు తేవడానికి దర్జీ కొట్టుకు వెళ్ళి, "జ్ఞానులు ఎంతమందైనా ఉండొచ్చట నాయనా, మా కోడలే చెప్పింది," అనేసి వచ్చింది. గొర్రెల కాపరి వేషమిచ్చారని మూతి ముడుచుకున్న దర్జీకి ప్రాణం లేచొచ్చింది. తన కిరీటం తనే కుట్టుకున్నాడు. అది చూసి మిగతా కాపరులూ వచ్చి తల కొలతలిచ్చారు.

సాయంత్రం తెర వెనక తొమ్మిది మంది జ్ఞానులు నిలబడి ఉన్నారు. కాపరి ఒక్కడూ లేడు.

"ఇదేంటయ్యా! గొర్రెల్నెవరు కాస్తారు?" అంది కోడలు.

"మీరే చెప్పారట కదమ్మా! సువార్తను కాదంటామా?" అన్నాడు దర్జీ.

అప్పటికే తెర లేచింది. ముందు వరసలో పాటల మాస్టారు చేతులు కట్టుకుని, హాయిగా నవ్వుకుంటూ కూర్చున్నాడు. మూడు కానుకల కోసం తొమ్మిది మంది ఎగబడ్డారు.

"ముందు నేను!"

"నీ వయసెంత, నా వయసెంత? జరుగు!" అని అరిచాడు భర్త.

ఆ తోపులాటలో పశువులతొట్టి బోర్లాపడింది. అందులో పడుకోబెట్టిన బాలయేసు బొమ్మ నున్నటి నేలమీద జారుకుంటూ వెళ్ళి బెంచీల కింద మాయమైంది.

"అయ్యో, బాబేడీ? బాబేడీ?"

జ్ఞానులందరూ ఒక్కసారిగా మోకాళ్ళమీద పడి బెంచీల కింద దూరారు. కిరీటాలు టపటపా రాలిపోయాయి. కోడలు కళ్ళు గట్టిగా మూసుకుంది.

"దొరికాడు!"

కళ్ళు తెరిచి చూస్తే, ఆ కేక పాటల మాస్టారిది! ఒళ్ళంతా దుమ్ముతో నేలమీద మోకరించి, బొమ్మను రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు. చర్చంతా చప్పట్లు.

పాస్టరుగారు కళ్ళు తుడుచుకుంటూ లేచారు. "ఎన్నేళ్ళుగా చెబుతున్నానో ఈ మాట! జ్ఞానులంటే ఎవరు? కిరీటం ఎక్కడ పడిందో చూసుకోకుండా, బిడ్డ కోసం మోకాళ్ళమీద పడ్డవాళ్ళు. ఎంత బాగా చూపించావమ్మా! వచ్చే ఏడూ నువ్వే. ఇది ఇలాగే ఉండాలి."

ఇంటికొచ్చి, భోజనాలకు కూర్చున్నాక కోడలు ప్రకటించింది. "వచ్చే ఏడు కూడా తొట్టి పడాల్సిందే. బొమ్మ ఎటు జారాలో, ఎవరు ఏ బెంచీ కింద దూరాలో రేపట్నుంచే రిహార్సల్."

భర్త మోకాళ్ళకు రాసుకునే మందు ఎక్కడుందని తల్లిని అడిగాడు.