బొమ్మ ఫోనుకు నెట్ ఎందుకు?

ఇంటర్నెట్ రాకపోవడం ఒక వరం. అందులోనూ, అసలు లేని ఫోనుకు రాకపోవడం మహా వరం!

నమ్మరా? మా చెల్లెల్ని అడగండి. అంబులెన్సును పిలిచే యాప్ ఒకటి తయారవుతోంది. దాన్ని ఇంట్లోంచే పరీక్షించి, లోపం లేదని సంతకం పెట్టడం ఆమె ఉద్యోగం. మొన్న సాయంత్రం ఐదింటికల్లా ఆ సంతకం పడాలన్నారు. పడకపోతే ఆ కుర్చీలో మరొకరు కూర్చుంటారని ఆఫీసు ముందే సెలవిచ్చింది.

పరీక్షకు ఫోన్లు కొనివ్వలేదు. ఎమ్యులేటర్ ఇచ్చారు. అంటే కంప్యూటర్ తెర మీద కనబడే బొమ్మ ఫోను. నొక్కితే పనిచేస్తుంది. కింద పడదు, పగలదు, ఎవరూ ఎత్తుకుపోరు. ఇన్ని సుగుణాలున్నదానికి నెట్ కూడా కావాలనడం అత్యాశ కాదా?

పొద్దున తొమ్మిదింటికి తెరిస్తే దానికి నెట్ లేదు. చిత్రమేమిటంటే కంప్యూటర్‌కు ఉంది, దాని కడుపులోని ఫోనుకు లేదు. తల్లి విందు భోంచేస్తోంది, బిడ్డ పస్తు!

చెల్లెలు బొమ్మ ఫోనును ఆపి మళ్లీ వెలిగించింది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తీసింది. టేబుల్ దాటలేని ఫోనుకు విమానయోగం! మధ్యాహ్నానికి ఓపిక నశించి, సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది.

"ఫోన్ కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి మేడమ్," అన్నాడు అవతలి మనిషి.

"అది కంప్యూటర్ లోపల ఉందండీ."

"అయితే బయటికి తీయండి మేడమ్."

ఇంత ఓర్పుగా చెప్పేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతారు? ఆ మాట కాదనలేక నేనూ, మా బావగారూ కంప్యూటర్‌నే కిటికీ దాకా మోశాం. నెట్ రాలేదు. వీధిలో పోతున్న పెద్దాయన మాత్రం ఆగి, "ఎంతకిస్తారు?" అన్నాడు.

నాలుగున్నరకు చెల్లెలి మేనేజర్ ఫోన్ చేశాడు. ఏ పనైనా సాఫీగా జరిగిందనే మాట తప్ప మరొకటి ఆయన చెవికెక్కదు. అందుకే అందరూ సాఫీ సారంటారు.

"యాప్‌లో తప్పులేమైనా వచ్చాయామ్మా?"

"ఏమీ రాలేదు సార్. నెట్టే రాలేదు."

"తప్పులు రాలేదు కదా, సంతకం పెట్టెయ్."

"తప్పులు రావాలన్నా నెట్ ఉండాలి సార్."

ఈ మొండితనం మా వంశంలో ఆడపిల్లలకే వస్తుంది. నాకూ వచ్చి ఉంటే ఈ పత్రికలో ఇన్నేళ్లు రాసేవాణ్ణి కాదు.

ఐదుకు పది నిమిషాలుండగా దోషి దొరికాడు. బొమ్మ ఫోను సెట్టింగుల్లో ఎవరో ప్రాక్సీ పెట్టారు. అంటే, నెట్ ఫలానా సర్వర్ గుండానే రావాలన్న షరతు. ఆ సర్వర్‌ను పీకేసి ఏడాదైంది. లేని ఫోను, లేని గుమ్మం ముందు, పొద్దుట్నుంచీ భక్తిగా నిలబడి ఉంది! చెల్లెలు ఆ షరతు తీసేసింది.

నెట్ వచ్చింది. వెంటనే తప్పులూ వచ్చాయి, నలభై మూడు. అందులో మొదటిది: మీట నొక్కితే అంబులెన్సు రోగి ఇంటికి బదులు యాప్ తయారుచేసిన ఆఫీసుకు బయలుదేరుతోంది.

చెల్లెలు నలభై మూడూ రాసి, సంతకం పెట్టకుండా పంపింది. నిమిషంలో జవాబు వచ్చింది.

"నెట్ ఎవరు తెప్పించమన్నారమ్మా?"

మర్నాడు ఆ కుర్చీలో వేరే ఆయన కూర్చున్నాడు. ఎంత చురుకైనవాడంటే, ముందు ప్రాక్సీని యథాస్థానంలో పెట్టి, ఐదు నిమిషాల్లో పరీక్ష ముగించాడు. ఒక్క తప్పు రాలేదు. సంతకం పడింది.

పాఠకులారా, ఆ యాప్ మీ ఫోన్లలోకి వచ్చేసింది. ఒంట్లో బాగోలేనప్పుడు నిర్భయంగా వాడుకోండి. మీట నొక్కే ముందు నెట్ ఆపడం మాత్రం మరిచిపోకండి.