మంత్రిగారి రాగి చెంబు

“సముద్రపు నీళ్లలో లోహమెంత, సేంద్రియ పదార్థమెంత, ప్రజల కళ్ల ముందే తేల్చేస్తాం!” అని మంత్రిగారు మైకులో గర్జించారు. 1997లో ఉత్తర చెన్నై ఒడ్డున ఒక జాలర్ల కుప్పానికి మంచినీళ్ల లారీ రాలేదు గానీ సైన్సు వచ్చేసింది.

చేపలమ్మే అమ్మణి ముందు వరసలోనే కూచుంది. పెయింటు ఫ్యాక్టరీ గొట్టం సముద్రంలోకి తెరిచినప్పట్నుంచీ మొగుడు ఏకాంబరం వలలో చచ్చిన చేపలే పడుతున్నాయి. ఈ టెస్టుతో గొట్టం మూస్తారని ఆమె ఆశ.

కెమిస్టు ప్రణతి ప్లాస్టిక్ సీసా తీసింది. ఆఫీసరు కోదండరాం అడ్డం పడ్డాడు.

“ఏందిమ్మా ఇది? మంత్రిగారు గంగమ్మ దగ్గిర ప్లాస్టిక్ ముంచుతారా? రాగి చెంబు తెండప్పా!”

“సార్, మనం వెతికేదే లోహం...”

“నువ్వు సైన్సు చూస్కో. సంప్రదాయం డిపార్ట్‌మెంటు చూస్కుంటది.”

చెంబు వచ్చింది. నల్లగా ఉంది. ఫొటోలో అసహ్యంగా పడుతుందని, తోమడానికి కోదండరాం అమ్మణిని చింతపండు అడిగాడు. ఇంట్లో పులుసుకు నానేసింది ఆమె సంతోషంగా తెచ్చిచ్చేసింది. దాంతో తోమితే చెంబు తళతళా మెరిసింది. రాహుకాలం ముంచుకొస్తోందని ఆ పులుపు కడగలేదు. మంత్రిగారు భక్తితో దాన్ని అలలో ముంచి, ఆ నీళ్లే సీసాలో పోసి సీలు వేయించారు.

వారంలో రిపోర్టు వచ్చింది. రాగి మెండు. సేంద్రియ పదార్థమూ మెండే.

“ఫ్యాక్టరీ వాడేది సీసం కదా సార్, అది చూడొద్దా?” అంది ప్రణతి.

“ఇంత రాగి దొరికినాక ఇంకేం కావాల? పేరాశ ఉండకూడదమ్మా.”

మంత్రిగారు నేరస్థుల్ని ఇట్టే పట్టేశారు. పడవల అడుగున పూసే రంగులో రాగి ఉంటుంది. ఒడ్డున పారేసే చేప పేగులు సేంద్రియ పదార్థం. కాబట్టి ఫ్యాక్టరీ నిర్దోషి, పడవలు బంద్. ఫ్యాక్టరీవాళ్లు మంత్రిగారికి శాలువా కప్పారు.

“ఆడ గొట్టం మూయమంటే ఈడ మా పొయ్యి ఆర్పినారే!” అన్నాడు ఏకాంబరం.

“తొందరెందుకప్పా? మళ్లీ టెస్టు చేస్తాం. రాగి తగ్గితే పడవలు వదుల్తాం” అన్నాడు కోదండరాం.

ఆ రోజూ వచ్చింది. షామియానా లేచింది. మంత్రిగారి కారు ఆగింది. కోదండరాం మళ్లీ నల్లబడిన చెంబుతో అమ్మణి గుడిసె ముందుకొచ్చాడు.

“అక్కా, కొంచెం చింతపండు...”

అమ్మణి జాడీలో ఉన్న ముద్దంతా తీసి అతని చేతిలో పెట్టింది.

“చేపే లేదు, పులుసెందుకు సార్? అంతా తీస్కపో. ఈసారన్నా బాగా తోమండి.”